ఇల్లు కొనే చేతికి తర్ఫీదు

అమెరికాలో ఇంటి అప్పుకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళను బ్యాంకు కాదంటే, ఎందుకు కాదందో వాళ్ళకు చెప్పి తీరాలి. అది చట్టం. ‘ఆదాయంతో పోలిస్తే అప్పులు ఎక్కువ’, ‘పాత బాకీల చెల్లింపు సరిగా లేదు’ అంటూ రెండు మూడు ముక్కల్లో ఓ ఉత్తరం వస్తుంది. అందులో ఉన్నది నిజమే. అయితే ఏ అప్పు ముందు తీర్చాలి, ఎంత తీర్చాలి, ఎన్నాళ్ళకు మళ్ళీ రావాలి అన్నవి అందులో ఉండవు. ఆ ఉత్తరం ఆగిన చోట మొదలయ్యే పని ఒకటుంది. అక్కడ దాన్ని హౌసింగ్ కౌన్సెలింగ్ అంటారు. ఇల్లు కొనబోయేవాళ్ళను డబ్బు విషయంలో ముందుగా తయారుచేసే పని.

ఆ పని చేసేవాళ్ళు ఇళ్ళు చూపించరు. బ్యాంకుకు సిఫారసు చేయరు. ఒక బల్ల, రెండు మూడు కుర్చీలు, కొన్ని కాగితాలు, ఒక క్యాలిక్యులేటర్ — ఇదీ వాళ్ళ సరంజామా. ఇంత కొద్దిపాటి సామగ్రితో, ముప్ఫై ఏళ్ళు మోయాల్సిన బరువుకు ఒక కుటుంబాన్ని సిద్ధం చేస్తారు. నేతలో నాణ్యం తెలియాలంటే చీరను తిరగేసి చూడమంటారు మన పెద్దవాళ్ళు. ఈ పనిని కూడా అలా తిరగేసి, పోగు పోగూ చూడాలనిపించింది.

ట్రైలర్‌లో పుట్టిన పని

ఈ పని వెనక ఒక పేట ఉంది, ఒక మనిషి ఉన్నారు. పిట్స్‌బర్గ్ నగరంలోని సెంట్రల్ నార్త్ సైడ్. 1960ల్లో అక్కడి ఇళ్ళు పాడుబడుతున్నాయి. బాగుచేయించుకుందామంటే బ్యాంకులు అప్పివ్వవు. అడిగిన మనిషి ఎలాంటివాడో చూసేదాకా కూడా వెళ్ళదు వ్యవహారం. ఏ పేట అన్నదగ్గరే ఆగిపోతుంది. మనిషిని చూడకుండా పేటను చూసి అప్పు నిరాకరించడానికి అక్కడ ‘రెడ్‌లైనింగ్’ అని పేరు. నల్లవాళ్ళు ఉండే పేటలే ఎక్కువగా దానికి బలయ్యాయి.

ఆ పేటలో ఉండే డొరొతీ మే రిచర్డ్‌సన్ అనే గృహిణి ఇరుగుపొరుగును కూడగట్టారు. పట్టు వదలకుండా తిరిగి 16 ఆర్థిక సంస్థలను ఒప్పించారు. అక్కడి ఫౌండేషన్ ఒకటి డబ్బిచ్చింది. దాంతో ఒకరు తీర్చిన అప్పు మరొకరికి అప్పుగా వెళ్ళేలా ఒక నిధి పెట్టారు. 1968లో ఒక ట్రైలర్‌ను అద్దెకు తీసుకుని, పనివాళ్ళను పెట్టుకుని, ‘నైబర్‌హుడ్ హౌసింగ్ సర్వీసెస్’ అని పేరు పెట్టి కూర్చున్నారు. పదేళ్ళు తిరిగేసరికి, 1978లో, ఆ నమూనాను దేశమంతటికీ తీసుకెళ్ళడానికి అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ఒక సంస్థను ఏర్పాటు చేసింది. ఇవాళ్టి ‘నైబర్‌వర్క్స్ అమెరికా’ అదే.

1968 సంవత్సరమే ఇంకో రెంటికీ ఆనవాలు. జాతిని చూసి ఇల్లు అమ్మననడం, అద్దెకు ఇవ్వననడం చట్టవిరుద్ధం అయింది ఆ ఏడే. ఇల్లు కొనేవాళ్ళకు సలహా చెప్పే సంస్థలకు ప్రభుత్వం ఆసరా ఇచ్చేలా గృహనిర్మాణ చట్టంలో 106వ సెక్షన్ చేరిందీ ఆ ఏడే. అంటే తలుపు తెరిచిన సంవత్సరంలోనే, ఆ తలుపు దాకా నడిపించేవాళ్ళకూ చోటు దొరికింది. ఈ రెండూ ఒకదానికొకటి కావాలి. తెరిచిన తలుపు దగ్గరికి నడవడం తెలియనివాళ్ళకు అది మూసినట్టే ఉంటుంది.

ఇప్పుడీ పని ఎవరు పడితే వాళ్ళు చేసేది కాదు. ‘హడ్’ అని పిలిచే అమెరికా గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ పరిధిలో కౌన్సెలింగ్ చేయాలంటే పరీక్ష రాసి ధ్రువీకరణ పొందాలి. ఇంటి డబ్బు నిర్వహణ, ఇల్లు మోయగలమా లేదా అన్న అంచనా, ఇంటి మరమ్మతు, యజమానిగా అద్దెదారుగా ఉండే బాధ్యతలు, వివక్ష లేని గృహవసతి, ఇల్లు చేజారకుండా కాపాడుకోవడం — ఈ ఆరు అంశాల మీద ఆ పరీక్ష ఉంటుంది. 2010 నాటి డాడ్-ఫ్రాంక్ చట్టం దీనికి మూలం. 2021 ఆగస్టు నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది.

పనితనంలో మొదటి పోగు ఇక్కడే కనిపిస్తుంది. కూర్చున్న మనిషికి మొట్టమొదట ఒక కాగితం ఇవ్వాలి. ఈ సంస్థకు ఏ బ్యాంకుతో, ఏ బిల్డరుతో సంబంధాలున్నాయో అందులో ఉంటుంది. మా సలహా తీసుకున్నంత మాత్రాన వాళ్ళ దగ్గరే అప్పు తీసుకోనక్కరలేదు, వాళ్ళ ఇల్లే కొననక్కరలేదు అని కూడా ఉంటుంది. ఇల్లు కొనే దారిలో ఎదురయ్యే మనుషుల్లో చాలామందికి, మనం కొంటేనే రాబడి. కొన్నా కొనకపోయినా ఒకే మాట చెప్పగల మనిషి ఒక్కరుండాలి. ఆ కాగితం ఆ ఒక్కరిని నిలబెడుతుంది.

కారు మింగిన ఇల్లు

బల్ల దగ్గర లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణ వేసుకుని చూద్దాం. కోతలు పోకముందు నెలకు 5,000 డాలర్లు సంపాదించే కుటుంబం. కారు వాయిదా 450. క్రెడిట్ కార్డుల మీద కనీస చెల్లింపు 150. ఇప్పటి అద్దె 950.

అప్పులిచ్చేవాళ్ళ దగ్గర చాలాకాలంగా ఒక కొలత ఉంది. ఇంటి కోసం పెట్టేది ఆదాయంలో 28 శాతం దాటకూడదు. ఇల్లు, మిగతా వాయిదాలు అన్నీ కలిపి 36 శాతం దాటకూడదు. ఇంతకంటే ఎక్కువ ఒప్పుకునే పథకాలు ఉన్నా, లెక్క నేర్పడానికి ఇదే మంచి మొదలు. మొదటి కొలత ప్రకారం 1,400 డాలర్లు. రెండో కొలత ప్రకారం 1,800. అందులోంచి కారుకు, కార్డులకు పోయే 600 తీసేస్తే మిగిలేది 1,200. రెండింట్లో ఏది తక్కువైతే అదే హద్దు. అంటే 1,200.

అందులో ఇంటి పన్ను, బీమాలు 350 అనుకుంటే అసలు, వడ్డీలకు 850 మిగులుతుంది. ఆరున్నర శాతం వడ్డీకి, ముప్ఫై ఏళ్ళకి, ఆ 850 మోయగలిగే అప్పు దాదాపు 1,34,000 డాలర్లు. ఇప్పుడు కారు అప్పు తీరిపోయిందనుకోండి. రెండో కొలత 1,650కి పెరుగుతుంది, కాబట్టి మొదటి కొలతే హద్దవుతుంది: 1,400. అసలు, వడ్డీలకు 1,050. మోయగలిగే అప్పు దాదాపు 1,66,000. ఇంటి ముందు నిలబడ్డ కారు ఇంటి విలువలో 32 వేల డాలర్లు మింగి కూర్చుంది.

ఈ అంకెలు వెయ్యడం ఏ యంత్రమైనా చేస్తుంది. పనితనం అంతా, ఆ అంకె బయటపడ్డాక కౌన్సెలర్ ఏం చేస్తారన్నదాంట్లో ఉంది. మంచి కౌన్సెలర్ ‘కారు అమ్మేయండి’ అనరు. కాగితం వాళ్ళ వైపు తిప్పి, కలం వాళ్ళ చేతికే ఇచ్చి, ‘ఈ వాయిదాలు ఇంకా ఎన్ని ఉన్నాయి?’ అని అడుగుతారు. పద్నాలుగు అని వాళ్ళే రాస్తారు. ఆ కారులోనే పనికి వెళ్ళాలి, పిల్లల్ని బడిలో దించాలి. అమ్మడం కుదరదని వాళ్ళే చెబుతారు. ‘అయితే పద్నాలుగు నెలలు’ అన్న మాట కూడా వాళ్ళ నోటి నుంచే వస్తుంది. పైవాళ్ళు చెప్పిన గడువు రెండు నెలలకే బరువైపోతుంది. తాను లెక్కగట్టుకున్న గడువును మనిషి మోస్తాడు.

ఇక్కడో సూక్ష్మం ఉంది. కొన్ని అప్పు పథకాల్లో, కారు అప్పు లాంటి వాటికి పది వాయిదాలు మాత్రమే మిగిలి ఉంటే బ్యాంకు వాటిని లెక్కలోంచి తీసేసే వీలుంది. లీజు కారుకైతే ఆ వీలు లేదు. అంటే పద్నాలుగు నెలలు ఆగకుండా నాలుగు నెలలకే బ్యాంకు గుమ్మం తొక్కవచ్చు. ఈ సంగతి తెలిసీ చెప్పకపోతే అది దాపరికం. చెప్పి ఊరుకుంటే అది బాధ్యత వదిలేయడం. అందుకే మంచి కౌన్సెలర్ రెండూ చెబుతారు: ‘బ్యాంకు ఆ 450ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. మీ జీతంలోంచి మాత్రం అది పోతూనే ఉంటుంది.’

ఇంకో కాగితం కూడా ఉంటుంది. బ్యాంకు చూసేది కోతలకు ముందున్న ఆదాయం. ఇల్లు నడిచేది చేతికొచ్చే ఆదాయంతో. రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఒక్కో వరుసా చదివిస్తారు. పిల్లల్ని చూసుకునే మనిషికి ఇచ్చేది, పెట్రోలు, మందులు, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది — వీటిలో చాలావాటికి బ్యాంకు కొలతలో చోటు లేదు. అందుకే బ్యాంకు చెప్పే అంకె పక్కన, ఆ కుటుంబం తానుగా మోయగలిగిన అంకె ఒకటి రాయిస్తారు. తరచూ రెండోది చిన్నది. ఇల్లు వెతకాల్సింది ఆ చిన్న అంకెతో.

స్కోరు చదవడం

క్రెడిట్ రిపోర్టు అంటే చాలామందికి భయం. పరీక్షల ఫలితం చూసుకున్నట్టు చివరి అంకె చూసి మూసేస్తారు. కౌన్సెలర్ దాన్ని మొదటి పేజీ నుంచి చదివిస్తారు. ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ అని మూడు సంస్థలు మూడు రిపోర్టులు రాస్తాయి. ఒకదానిలో ఉన్న తప్పు మరోదానిలో ఉండకపోవచ్చు. ఎవరి బాకీయో మీ పేరున పడొచ్చు. తప్పని రాసి పంపితే మామూలుగా 30 రోజుల్లో విచారించాలన్నది చట్టం.

తర్వాత స్కోరులో ఏ భాగం ఎంతో చూపిస్తారు. అప్పులిచ్చేవాళ్ళు చూసే ఫైకో స్కోరులో సమయానికి కట్టడానికి 35 శాతం, ఉన్న బాకీల మొత్తానికి 30, ఖాతాల వయసుకు 15, కొత్త అప్పులకు 10, రకరకాల అప్పులున్నాయా అన్నదానికి 10. ఈ వరుస తెలిస్తే పనికి వరుస దొరుకుతుంది. 2,000 డాలర్ల పరిమితి ఉన్న కార్డు మీద 1,800 వాడి ఉంటే, 90 శాతం నిండినట్టు. దాన్ని 600కి, అంటే 30 శాతానికి దింపితే కొద్ది నెలల్లోనే స్కోరు కదలొచ్చు. అదే ఉత్సాహంతో పాత కార్డు మూసేస్తే వాడకం శాతం మళ్ళీ పైకెళ్తుంది. మంచి చేద్దామని చేసే ఇలాంటి తప్పులను ముందే పట్టుకోవడం ఈ పనిలో సగం నైపుణ్యం.

ఈ రిపోర్టు చదివేటప్పుడు వాడే మాటల్ని కూడా గమనించాలి. రిపోర్టులో ఆలస్యపు చెల్లింపులు కనిపిస్తాయి. వాటి వెనక ఉద్యోగం పోయిన నెల, ఆస్పత్రి, విడాకులు ఉండొచ్చు. ‘ఎందుకు కట్టలేదు?’ అంటే మనిషి ముడుచుకుపోతాడు. ‘ఆ నెల ఏం జరిగింది?’ అంటే మాట్లాడతాడు. ఆ మాటల్లోంచే దరఖాస్తుతో జతచేయాల్సిన వివరణ ఉత్తరం పుడుతుంది.

అద్దెలో ఉండగానే వాయిదా

నాకు అన్నిటికన్నా నచ్చిన పోగు ఇది. మన ఉదాహరణ కుటుంబం ఇప్పుడు కట్టే అద్దె 950. ఇల్లు కొన్నాక 1,400. తేడా 450. కారు వాయిదా అయిపోయిన నెల నుంచి ఆ 450ని వేరే ఖాతాలో వెయ్యమంటారు. ఇల్లు ఇంకా రాలేదు, వాయిదా మాత్రం మొదలైంది. ఆరు నెలలు తప్పకుండా వేస్తే 2,700 డాలర్లు పోగవుతాయి. అంతకంటే విలువైనది ఇంకోటి జరుగుతుంది. పండగ నెలలో, పిల్లాడికి జ్వరం వచ్చిన నెలలో, కారు టైరు పగిలిన నెలలో కూడా 1,400 కట్టి బతకగలమా అన్నదానికి ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. కట్టలేకపోతే? అద్దె ఇంట్లో ఉండగానే తెలిసింది కాబట్టి ఇల్లు పోదు. అంకె మార్చుకుంటే చాలు. పొదుపు, పరీక్ష, అలవాటు — మూడూ ఒకే చర్యలో ఇమిడిపోయాయి. మంచి పనిముట్టు అంటే ఇలా ఉంటుంది.

డౌన్ పేమెంటుకు ఆ 2,700 చాలదు. ప్రభుత్వ హామీ ఉన్న ఎఫ్‌హెచ్‌ఏ అప్పుకు, స్కోరు 580 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, ఇంటి ధరలో కనీసం 3.5 శాతం పెట్టాలి. 1,70,000 డాలర్ల ఇంటికి అది 5,950. పైన రిజిస్ట్రీ, న్యాయ ఖర్చుల వంటివి ఉంటాయి. రాష్ట్రాలు, నగరాలు ఇచ్చే డౌన్ పేమెంట్ సాయం గురించి కౌన్సెలర్ అప్పుడు చెబుతారు. వాటిలో చాలావాటికి, ఇల్లు కొనబోయేవాళ్ళకు పెట్టే తరగతులు పూర్తిచేసినట్టు సర్టిఫికెట్ తప్పనిసరి.

ఆ తరగతులు సాధారణంగా ఎనిమిది గంటలు ఉంటాయి. ఇంటి అప్పు కాగితాలు చదవడమే వాటిలో పెద్ద పాఠం. దరఖాస్తు పెట్టిన మూడు పని రోజుల్లో వచ్చే లోన్ ఎస్టిమేట్ మూడు పేజీలు. సంతకాలకు మూడు పని రోజుల ముందే అందాల్సిన క్లోజింగ్ డిస్‌క్లోజర్ ఐదు పేజీలు. రెండూ పక్కపక్కన పెట్టి, ఏ ఖర్చు ఎక్కడ పెరిగిందో వేలు పెట్టి వెతికిస్తారు. ఇంటి విలువ కట్టే అప్రైజర్ బ్యాంకు కోసం వస్తాడు, ఇంటి లోపాలు చూసే ఇన్‌స్పెక్టర్ మీకోసం వస్తాడు అన్న తేడా కూడా ఇక్కడే బోధపడుతుంది. పైకప్పు కారుతోందని ముందే చెప్పాల్సింది రెండో మనిషి.

తేదీ వేసిన మాట

కూర్చున్నవాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు చేతిలో ఒక కాగితం ఉండాలి. దాన్ని యాక్షన్ ప్లాన్ అంటారు. రాతపూర్వకంగా ఇవ్వాలన్నది, తర్వాత వాళ్ళను మళ్ళీ పలకరించి ఎంతవరకు వచ్చారో చూడాలన్నది హడ్ నిబంధనల్లోనే ఉంది. మన కుటుంబం కాగితం మీద ఏముంటుందో ఊహించవచ్చు: ఈ నెల మూడు రిపోర్టులు తెప్పించుకోవాలి; నాలుగో నెలకు కార్డు బాకీ 600కి దించాలి; పద్నాలుగో నెలకు కారు తీరాలి; పదిహేనో నెల నుంచి ఇంటి ఖాతాలో 450; ఇరవయ్యో నెలలో బ్యాంకు.

‘ఇప్పుడే కాదు’ అన్న మాటను పేదవాడు పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంటాడు. తేదీ లేని ‘ఇప్పుడే కాదు’కి, ‘ఎప్పటికీ కాదు’కి అతని చెవిలో తేడా లేదు. ఈ పని చేసేవాళ్ళు ఆ మాటకు తేదీ జోడించారు. ఆ పని గొప్పతనమంతా అందులో ఉందని నా నమ్మకం. కొందరు ఈ లెక్కలన్నీ వేసుకున్నాక అద్దెలోనే ఉందామని నిర్ణయించుకుంటారు. మంచి కౌన్సెలర్ దాన్ని ఓటమిగా రాసుకోరు. మోయలేని ఇంటి నుంచి తప్పించుకున్న కుటుంబమూ ఈ బల్ల దగ్గర గెలిచినట్టే.

పని నిలిచిందా అన్నది కూడా కొలిచారు. నైబర్‌వర్క్స్ సంస్థల్లో కొనుగోలుకు ముందు కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళ అప్పులను, తీసుకోనివాళ్ళ అప్పులతో పోల్చి నీల్ మేయర్, కెనెత్ టెమ్కిన్ 2013లో ఒక అధ్యయనం ప్రకటించారు. 2007 అక్టోబరు నుంచి 2009 సెప్టెంబరు దాకా ఇచ్చిన అప్పులవి; అమెరికాలో ఇళ్ళు కుప్పలు తెప్పలుగా జప్తు అయిన రోజులు. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్ళు, మొదటి రెండేళ్ళలో 90 రోజులకు మించి వాయిదా తప్పే అవకాశం మూడో వంతు తక్కువని తేలింది. తుఫానులో నిలిచిన కట్టును ఇంకా పరీక్షించక్కరలేదు.

ఇళ్ళ ధరలను మాత్రం ఈ బల్ల తగ్గించలేదు. జీతాలు పెంచలేదు. ఉన్న జీతంతో, ఉన్న ధరల మధ్య, మనిషి మోసపోకుండా నడిచే దారి చూపగలదు.

మన గుమ్మం దగ్గర

అమెరికా వెళ్ళిన తెలుగు కుటుంబాలకూ ఈ బల్ల దగ్గర పని ఉంది. ఇక్కడ ఎంత మంచి పేరున్నా అక్కడ క్రెడిట్ చరిత్ర సున్నా నుంచి మొదలవుతుంది. డౌన్ పేమెంటుకు నాన్నగారు పొలం అమ్మి డబ్బు పంపితే, అది తిరిగి ఇవ్వనక్కరలేని కానుక అని ఉత్తరం కావాలి. ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వచ్చిందో జాడ చూపాలి. వీధిలో నమ్మకం మీద నడిచే చీటీ పాడి తెచ్చిన సొమ్ముకు ఆ జాడ ఉండదు. సంతకాల వారంలో బయటపడితే గుండె ఆగినంత పనవుతుంది. ముందే కూర్చుంటే ఆరు నెలల ముందు తెలుస్తుంది.

ఇక్కడ హైదరాబాదులోనో విజయవాడలోనో ఫ్లాటు చూసుకుంటున్నవాళ్ళు కూడా ఇదే కాగితం ముందు పెట్టుకోవచ్చు. 50 లక్షల ఫ్లాటు అనుకోండి. రిజర్వ్ బ్యాంకు హద్దు ప్రకారం 30 లక్షలు దాటి 75 లక్షల దాకా ఇచ్చే గృహరుణం, ఇంటి విలువలో 80 శాతం మించకూడదు. అంటే అప్పు 40 లక్షలు, మన చేతి నుంచి 10 లక్షలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం వేసుకుంటే ఇంకో 3.75 లక్షలు. ఈ పద్దును ఇంటి విలువలో కలపడానికి వీల్లేదు కాబట్టి అదీ మన జేబులోంచే. పది లక్షలు కూడబెట్టి సంబరపడ్డ కుటుంబం, రిజిస్ట్రేషన్ నాటికి ఆ 3.75 లక్షల కోసం బంగారం కుదువ పెట్టడం మనం చూస్తూనే ఉన్నాం. క్రెడిట్ సంస్థలు ఏడాదికోసారి ఉచితంగా ఇచ్చే రిపోర్టు తెప్పించి చదువుకోవడం, రాబోయే ఈఎంఐకి, ఇప్పటి అద్దెకి ఉన్న తేడాను ఆరు నెలలు వేరే ఖాతాలో వేసి చూడటం — వీటికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇల్లు కట్టి చూడు అన్నారు మనవాళ్ళు. కట్టాక చూసే కష్టంలో కొంత కట్టకముందే చూసుకోవచ్చని ఈ పని నేర్పుతోంది. కాదన్న బ్యాంకు ఉత్తరం మీద బ్యాంకు సంతకం ఉంటుంది. ఇరవై నెలల ఆ కాగితం మీద చేతిరాత మాత్రం ఆ ఇంటివాళ్ళది.